ఇంగ్లండ్ వాగు పక్కన పూసే పసుపు పువ్వు మియాపూర్ పెరట్లో బతుకుతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదండీ. ఏప్రిల్లో ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్న మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళారు, వాళ్ళ ఇంటి దగ్గర చిన్న వాగు పక్కన బురదలో కుప్పలు కుప్పలుగా పసుపు పూలు చూశారు, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి, ఫోటో తీసుకున్నారు. మియాపూర్‌లో మీ ఇంటి వెనక సంపు పక్కన ఏడాదంతా తడిగా ఉండే మూల ఒకటి ఉంది. ఆ పువ్వు పేరేంటి, విత్తనాలు తెప్పించుకుని ఆ మూలలో పెంచొచ్చా, కుదరకపోతే అలాంటిదే ఇక్కడ ఏమైనా దొరుకుతుందా, ఇవీ మీ మూడు ప్రశ్నలు.

విత్తనాలు తెప్పించుకోవద్దు. ఎందుకు వద్దంటున్నానో కింద చెప్తాను, కొంచెం పొడుగవుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పినవాడిని, ఈ పువ్వు మీద ఒకప్పుడు నేనూ పంతం పట్టి భంగపడినవాడినే.

ముందు పేరు. మీ ఫోటోలో పువ్వు ముందువైపు మాత్రమే కనిపిస్తోంది, ఆకు సగం గడ్డిలో ఉంది, కాబట్టి ఒక్క మాటలో తేల్చలేను. ఇంగ్లండులో వసంతంలో తడి నేల మీద పూసే మెరిసే పసుపు పువ్వంటే ముఖ్యంగా మూడింట్లో ఒకటి అయి ఉంటుంది. మీ అమ్మాయిని మళ్ళీ అటు వెళ్ళినప్పుడు పువ్వును వెనక్కి తిప్పి ఒక ఫోటో, ఆకుది ఒక ఫోటో తీయమనండి, అర నిమిషంలో తేలిపోతుంది.

పువ్వు వెనక పచ్చటి చిన్న ఆకుల్లాంటివి, అంటే రక్షకపత్రాలు, అసలు లేకపోతే అది మార్ష్ మారీగోల్డ్. కింగ్‌కప్ అని కూడా అంటారు. శాస్త్రీయ నామం కాల్తా పాలుస్ట్రిస్, పాలుస్ట్రిస్ అంటే బురద నేలది అని. మొక్కలకి రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ 1753లో పెట్టిన పేరే ఇప్పటికీ నడుస్తోంది. దీనిలో చిత్రమేంటంటే మీరు పసుపు రేకులు అనుకుంటున్నవి అసలు రేకులే కావు, రక్షకపత్రాలే పసుపు రంగు వేసుకుని రేకుల పని చేస్తున్నాయి. మామూలుగా అయిదు ఉంటాయి, ఒక్కోసారి ఎక్కువ. పువ్వు రెండు నుంచి అయిదు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆకు గుండ్రంగా, కాడ దగ్గర గుండె ఆకారంలో నొక్కినట్టుండి, ముదురు పచ్చగా నిగనిగలాడుతుంది.

అదే పువ్వు వెనక మూడు పచ్చ రక్షకపత్రాలు ఉండి, ముందు సన్నటి రేకులు ఏడెనిమిది నుంచి పన్నెండు దాకా నక్షత్రంలా పరుచుకుని ఉంటే అది లెస్సర్ సెలండైన్, ఫికేరియా వెర్నా. ఇది ముందే వచ్చేస్తుంది, ఫిబ్రవరి చివరికే మొదలుపెట్టి మే దాకా పూస్తుంది. మబ్బు పట్టినా సాయంత్రమైనా ముడుచుకుపోతుంది. మూడోది క్రీపింగ్ బటర్‌కప్. అయిదు రేకులు, వెనక అయిదు పచ్చ రక్షకపత్రాలు, ఆకు మూడు ముక్కలుగా చీలి ఉంటుంది, స్ట్రాబెర్రీ లాగా తీగలు పాకించుకుంటూ పోతుంది. అక్కడి తోటవాళ్ళు దీన్ని తిట్టుకుంటారు, మనం గరికను తిట్టుకున్నట్టు. ఇది ఎక్కువగా మే నుంచి పూస్తుంది కాబట్టి మీరు చూసింది ఇది కాకపోవచ్చు.

మీరు "బురదలో కుప్పలుగా, పెద్ద పూలు, గుండ్రటి ఆకులు" అన్నారు కాబట్టి నా పందెం మార్ష్ మారీగోల్డ్ మీదే.

పేరు చూసి బంతి పువ్వు చుట్టం అనుకునేరు. బంతికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. బంతి మెక్సికో వైపు నుంచి వచ్చినది, పొద్దుతిరుగుడు కుటుంబం. ఇది బటర్‌కప్ కుటుంబం. నా పరిచయస్తుడొకాయన ఆన్‌లైన్లో మార్ష్ మారీగోల్డ్ విత్తనాలని ప్యాకెట్ కొన్నాడు, 280 రూపాయలు. మొలిచాక చూస్తే మన ముద్దబంతి! దసరాకి గుమ్మానికి కట్టుకున్నాడు పాపం. పేర్ల తికమక ఇంగ్లండు వాళ్ళకూ తప్పలేదు లెండి. ఇంగ్లిషు కవి వర్డ్స్‌వర్త్‌కి లెస్సర్ సెలండైన్ అంటే ప్రాణం, దాని మీద కవితలు రాశాడు. ఆయన పోయాక ఆయన ఊరు గ్రాస్మియర్ చర్చిలో పెట్టిన స్మారక ఫలకం మీద ఆ పువ్వు చెక్కిద్దామనుకున్నారు, చెక్కింది మాత్రం గ్రేటర్ సెలండైన్. అది వేరే మొక్క, కుటుంబం కూడా వేరు, గసగసాలది. పేరులో సగం కలిసినంత మాత్రాన చుట్టరికం ఉండదు.

నూనె రాసినట్టు మెరుస్తున్నాయన్నారు కదా, ఆ మెరుపు గురించి కూడా ఒక మాట. బటర్‌కప్, సెలండైన్ రేకుల్లో పైపొర అద్దంలా నున్నగా ఉంటుంది, దాని కింద సన్నటి గాలి పొర, ఆ కింద పిండిపదార్థంతో నిండిన తెల్లటి పొర ఉంటాయి. పైన పడిన వెలుగు కొంత నున్నటి పొర మీంచే తిరిగి వస్తుంది, కొంత లోపలికెళ్ళి తెల్ల పొరను తాకి పసుపు రంగుతో బయటికి వస్తుంది. స్టీలు గిన్నెకి పసుపు రంగు పులిమినట్టు ఉండేది అందుకే. మార్ష్ మారీగోల్డ్ అంత అద్దంలా ఉండదు కానీ దానికి ఇంకో విద్య ఉంది. మన కంటికి పువ్వంతా ఒకే పసుపు. తేనెటీగ కంటికి అతినీలలోహిత కాంతి కూడా కనిపిస్తుంది కదా, దానికి అంచులు ఒక రంగులో, నడిమధ్య ఇంకో రంగులో కనిపిస్తాయి. తేనె ఇక్కడుందని ముగ్గు వేసి చూపించినట్టు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పువ్వుకి తడి ఎందుకు కావాలి, ఆ తడి వసంతంలోనే ఎందుకు ఉంటుంది అన్నది తెలిస్తే మిగతా రెండు ప్రశ్నలకూ జవాబు దానంతట అదే వచ్చేస్తుంది.

బురదలో బతకడం ఏ మొక్కకైనా కష్టమే. నీళ్ళు నిలిస్తే మట్టి కణాల మధ్య గాలి పోతుంది, వేరుకి ఊపిరాడదు, కుళ్ళిపోతుంది. మీరు తులసికి నీళ్ళు ఎక్కువ పోసి చంపుకున్నారంటే జరిగింది అదే. మార్ష్ మారీగోల్డ్ కాడ లోపల బోలుగా ఉంటుంది, పైనుంచి గాలి కిందికి అందుతుంది. మన వరి మడిలో నిలబడేది కూడా ఇలాంటి గాలి గదులతోనే. మిగతా మొక్కలు రాలేని చోట స్థలం ఖాళీగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇది రాజ్యమేలుతుంది. బురదంటే దానికి ఇష్టమనడం కంటే, అక్కడ పోటీ తక్కువనడం సరైన మాట.

విత్తనాలు పంచే పద్ధతి కూడా నీటి మీదే. కాయలు పండి పైకి నోరు తెరుచుకుని చిన్న దొప్పల్లా నిలబడతాయి. వాన చినుకు వచ్చి సరిగ్గా ఆ దొప్పలో పడితే విత్తనాలు ఎగిరి పక్కన పడతాయి. వాగులో పడ్డ విత్తనం తేలుతుంది, లోపల స్పంజి లాంటి కణజాలం ఉంటుంది, అలా వారాల తరబడి కొట్టుకుపోయి ఎక్కడో ఒడ్డుకి చేరి మొలుస్తుంది. మీరు చూసిన వాగు పొడుగునా ఒకే మొక్క సంతానం ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇక కాలం సంగతి. చలి దేశాల్లో చలికాలమంతా నేల గడ్డకట్టి లేదా చల్లటి నీళ్ళతో నిండి ఉంటుంది. మార్చి, ఏప్రిల్లో ఎండ వస్తుంది, మంచు కరుగుతుంది, చెట్లకి ఇంకా ఆకులు రాలేదు కాబట్టి వెలుతురు నేల దాకా దిగుతుంది. తడి, వెలుగు, చల్లదనం, మూడూ కలిసి వచ్చేది ఆ రెండు నెలలే. ఆ సందులో పూసి కాసి పని ముగించుకోవాలి. సెలండైన్ అయితే మరీ తెలివైనది, జూన్ వచ్చేసరికి ఆకులు కూడా ఎండిపోయి నేల లోపల చిన్న దుంపల్లోకి వెళ్ళి పడుకుంటుంది, మన పసుపు, కంద ఎండాకాలం దుంపలో దాక్కున్నట్టే.

మరి మనకి? హైదరాబాద్‌లో వసంతం అంటే ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్, అప్పుడే నేల బాగా ఎండిపోయి ఉంటుంది. మనకి ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపలే పడిపోతుంది. ఉగాది నాటికి మన నేలలో తడి ఉండదు. అందుకే మన వసంతపు పసుపు నేల మీద కాదు, చెట్ల మీద ఉంటుంది. రాళ్ళ గుట్టల మీద కొండగోగు ఒక్క ఆకు లేకుండా అరచేతంత పసుపు పూలు పెడుతుంది, ఏప్రిల్, మేలలో రేల చెట్టు పసుపు గెలలు వేలాడదీస్తుంది. వాటికి తడితో పని లేదు, లోతు వేళ్ళతోనో దాచుకున్న సరుకుతోనో నడిపిస్తాయి. తడి నేల పసుపు మనకి రావాలంటే వానలు పడ్డాక, అంటే ఆగస్టు నుంచి డిసెంబరు మధ్యలో. కాబట్టి "వసంతంలో తడి నేల మీద పసుపు పువ్వు" అన్న మూడు మాటలనీ మీరు హైదరాబాద్‌లో ఒకేసారి అడుగుతుంటే, దాదాపు కుదరని పని అడుగుతున్నారన్నమాట. దాదాపు అని ఎందుకన్నానంటే ఒక్క మినహాయింపు ఉంది, అది చివర్లో చెప్తాను.

నేను ఎలా భంగపడ్డానో వినండి. మార్ష్ మారీగోల్డ్ చూడటానికి ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు, మన హిమాలయాల్లోనూ ఉంది. ఉత్తరాఖండ్ పైన వాగుల పక్కన పసుపుగా, కాశ్మీర్ వైపు తెల్లపూల రకం. ఉత్తరాఖండ్‌లోనే ఉన్న వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ అనే జాతీయ పార్కులో కూడా ఉంది. ఆ పార్కు జూన్ 1న తెరుస్తారు, మంచు కరిగిన వెంటనే పూసే పువ్వు కాబట్టి ఆగస్టులో వెళ్ళేవాళ్ళకి దీని ఆకులే మిగులుతాయి, జూన్‌లో వెళ్ళాలి. మా పాత స్టూడెంట్ ఒకడు డెహ్రాడూన్‌లో ఉండేవాడు, పార్కుకి సంబంధం లేకుండా కింద ఎక్కడో ఊరి కాలువ గట్టు మీంచి ఓ నలభై విత్తనాలు కవర్లో పెట్టి పంపాడు. తడి టిష్యూలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో పది వారాలు ఉంచాను. ఈ విత్తనం చలి తగలందే నిద్ర లేవదు, దాన్ని ఫ్రిజ్‌తో మోసం చేయాలి. మా ఇంట్లో అది పచ్చడి డబ్బా అనుకుని ఒకసారి తెరిచి, తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు.

నవంబరు చివర్లో నాటితే ఆరు మొలిచాయి. జనవరికి రూపాయి బిళ్ళంత ఆకులు. ఫిబ్రవరిలో నా మొహం చూడాలి, కాలనీలో అందరికీ చూపించాను. మార్చి రెండో వారం నుంచి ఆకుల అంచులు మాడటం మొదలైంది. నీడలోకి మార్చాను. గోనెపట్టా తడిపి కట్టాను. ఏప్రిల్లో రోజూ పొద్దున్న తొట్టిలో ఐసు ముక్కలు వేశాను, నిజంగా! మే మొదటి వారానికి ఆరూ పోయాయి, ఒక్క పువ్వు కూడా పూయలేదు. మనం ఉన్నది సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున, వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే, రాత్రి కూడా నేల చల్లబడదు. ఆకుకి వేడి తగలడం కంటే వేరుకి వేడి నీళ్ళు తగలడమే దాన్ని చంపిందని నా లెక్క. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, కాడలోంచి వచ్చే గాలి చాలలేదు. ఏసీ గదిలో పెడితే బతుకుతుందా అని అడక్కండి. బతకొచ్చేమో, కరెంటు బిల్లుతో లీడ్స్‌కి టికెట్ వస్తుంది.

ఇక విదేశం నుంచి తేవడం గురించి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం బయటి దేశం నుంచి నాటే విత్తనాలకీ మొక్కలకీ దిగుమతి పర్మిట్, ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే వాటికి చీడపీడలు లేవన్న ధ్రువపత్రం, ఉండాలి. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుని వచ్చేయడం కుదరదు. అక్కడ వాగు పక్క నుంచి మొక్క పీకడం కూడా స్థలం యజమాని అనుమతి లేకపోతే నేరం, 1981 నాటి వన్యప్రాణి చట్టం ఉంది వాళ్ళకి. ఇదంతా ఉత్త భయం కాదు. సెలండైన్‌ను తోట మొక్క అని అమెరికా పట్టుకెళ్ళారు, ఇప్పుడు అక్కడ వాగుల పక్కన స్థానిక మొక్కల్ని కప్పేసి కూర్చుంది. మనకి గుర్రపుడెక్క ఒక్కటి చాలదా?

ఇంకో మాట, మనవడో మనవరాలో ఉన్నారన్నారు కాబట్టి. ఈ కుటుంబం మొక్కల్లో చాలావాటికి పచ్చిగా నలిపితే ప్రొటోఅనిమోనిన్ అనే ఘాటు పదార్థం పుడుతుంది, చర్మం మీద బొబ్బలు వస్తాయి, నోట్లో పెట్టుకుంటే మండి వాంతులవుతాయి. ఎండితే అది మారిపోతుంది, అందుకే ఎండుగడ్డిలో కలిసినా పశువులకి ఏమీ కాదు, పచ్చిది మాత్రం అవి కూడా తినవు. పాతకాలంలో అక్కడి పల్లెవాళ్ళు మొగ్గల్ని ఊరబెట్టి తినేవాళ్ళు, అది చదివి ఎవరైనా ప్రయోగం చేస్తారేమోనని చెప్తున్నాను. చూసి ఆనందించాల్సిన పువ్వు అంతే. ఐర్లండ్‌లో, మాన్ దీవిలో మే నెల వచ్చే ముందు రాత్రి ఈ పూలని గడప దగ్గర పెట్టేవాళ్ళట, చెడు లోపలికి రాకుండా. మనం గుమ్మానికి బంతిపూలు కట్టినట్టే! పేరు తప్పుగా చుట్టమైనా పని మాత్రం ఒకటే చేస్తున్నాయి రెండూ.

సరే, మీ పెరటి మూల. ఒక ప్రశ్న అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో కూడా అక్కడ తడి ఉంటోందా? ఉంటోందంటే అది వాన నీరు కాదు, సంపు గోడ చెమ్మో, పైపు లీకేజీయో, ఆర్వో మిషన్ వదిలే నీళ్ళో అయి ఉండాలి. ముందు ప్లంబర్‌ని పిలిచి చూపించండి. పునాది పక్కన ఏడాదంతా తడి ఉంటే పూల కంటే గోడ ముఖ్యం. ఆర్వో నీళ్ళే అయితే ఇంకో చిక్కు, అందులో లవణాలు ఎక్కువ, రోజూ అదే చోట పడితే మట్టి పైన తెల్లటి పొర కడుతుంది, సున్నితమైన మొక్కలు తట్టుకోలేవు.

లీకేజీ కాదు, లేదా బాగు చేయించాక కూడా అక్కడ కావాలని తడి ఉంచుకుంటారు అనుకుందాం. అప్పుడు నేను మొదట చెప్పేది మెట్టతామర, నర్సరీల్లో కానా అంటారే అది, పసుపు రకం. దుంప ఎవరినడిగినా ఇస్తారు, నర్సరీలో కొన్నా వంద లోపే. తడి, కాస్త ఉప్పు, మన బోరు నీళ్ళ కాఠిన్యం అన్నీ తట్టుకుంటుంది, ఎండ తగిలితే దాదాపు ఏడాదంతా పూస్తుంది. అందరి ఇంట్లో ఉండేదే కదా అని చిన్నచూపు చూడకండి, మురుగు నీటిని శుభ్రం చేయడానికి కట్టే మొక్కల మడుల్లో కూడా దీన్నే వాడతారు.

నర్సరీవాడు మీకు తప్పకుండా అంటగట్టేది వెడేలియా. నేల మీద పాకే తీగ, చిన్న పొద్దుతిరుగుడు లాంటి పసుపు పూలు, రోడ్డు డివైడర్ల మీద చూసే ఉంటారు. తడిలో విరగబూస్తుంది, మీరు అడిగిన లక్షణాలన్నీ ఉన్నాయి, చవక. అయినా వద్దనే చెప్తాను. ప్రపంచంలో అతి చెడ్డ వంద చొరబాటు జాతుల జాబితాలో ఉంది అది. మీ గోడ దాటి పక్కన నాలాలోకి పోయిందంటే ఆపేవాడు ఉండడు. కత్తిరించి పారేసిన ముక్క కూడా వేరు పట్టేస్తుంది.

నీటి తొట్టి పెట్టే ఓపిక ఉంటే మజా వేరు. రెండడుగుల వెడల్పు సిమెంటు తొట్టి లేదా ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. అడుగున ఆరేడు అంగుళాలు చెరువు ఒండ్రు మట్టి, దొరక్కపోతే ఎర్రమన్నులో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు. కోకోపీట్ వేయకండి, మొత్తం పైకి తేలుతుంది. మట్టి మీద రెండంగుళాలు ఇసుక పరిస్తే నీళ్ళు తేటగా ఉంటాయి. అందులో వాటర్ పాపీ పెట్టండి. గుండ్రటి మెరిసే ఆకులు, మూడు రేకుల లేత పసుపు పూలు, ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది కానీ రోజూ కొత్తది వస్తుంది. దూరం నుంచి చూస్తే మీ లీడ్స్ వాగు గుర్తొస్తుంది, ఆకు కూడా అలాగే నిగనిగలాడుతుంది. మొజాయిక్ ప్లాంట్ అని ఇంకొకటి అమ్ముతారు, ఆకులు నీటి మీద ముగ్గులా పరుచుకుంటాయి, పూలు పసుపే, చిన్నవి. రెంటికీ రోజుకి నాలుగైదు గంటల ఎండ కావాలి. గప్పీ చేపలు ఓ పది వేయడం మరిచిపోకండి, లేకపోతే పూల సంగతి పక్కనపెట్టి వీధి వీధంతా డెంగ్యూ అని మిమ్మల్నే తిడతారు. ఈ రెండూ కూడా విదేశీ మొక్కలే, తొట్టి దాటనివ్వొద్దు, ఎక్కువైతే ఎండబెట్టి ఎరువులో వేయండి, చెరువులో మాత్రం వదలకండి.

మన దేశవాళీ తడి పసుపు చూడాలంటే పెరట్లో కాదు, ఊరి బయట చూడాలి. వానలు పడ్డాక పొలం గట్ల మీద నాలుగు పసుపు రేకులతో నిటారుగా నిలబడే మొక్క లడ్విజియా. రైతులకి కలుపు, మనకి పువ్వు. మురుగు కలవని కుంటల్లో నీటి మీదికి సన్నటి కాడ మీద చిన్న పసుపు పువ్వు లేస్తుంది, నీటి లోపల దానికి సూది మొనంత తిత్తులు ఉంటాయి, వాటితో నీటిపురుగుల్ని పట్టి తింటుంది, యుట్రిక్యులేరియా. పసుపు కుచ్చులాంటి పువ్వుతో, ముట్టుకుంటే అత్తిపత్తిలా ఆకు ముడుచుకునే నీటి మొక్క ఒకటి, నెప్ట్యూనియా. ఇక జీలుగ. పచ్చిరొట్ట ఎరువుకని మడిలో చల్లి 45, 50 రోజులకి పూత దశలో కలియదున్నేస్తారు కాబట్టి దాని పూలు పట్నంవాళ్ళు చూడరు. పసుపు చిక్కుడు పువ్వులా ఉంటుంది, మోకాలి లోతు నీళ్ళలోనూ నిలబడుతుంది. విత్తనాలు ఎరువుల దుకాణంలో కిలోల్లెక్కన దొరుకుతాయి. మీ మూలలో జూన్‌లో గుప్పెడు చల్లండి, ఆగస్టులో మనిషంత ఎత్తున పసుపు చూస్తారు, తర్వాత నరికి అక్కడే మట్టిలో కలిపేస్తే నేలకి నత్రజని. ఒక పువ్వు కోసం ఇంతకంటే చవక ప్రయోగం నాకు తెలీదు. పెళ్ళి బాసికాలకి వాడే తెల్లటి బెండు వచ్చేది కూడా దీనికి దూరపు చుట్టమైన ఒక నీటి జీలుగ నుంచే, దాని పువ్వూ పసుపే. ఆ బెండు అంత తేలిగ్గా ఉండటానికి కారణం మళ్ళీ గాలి గదులే.

ఇప్పుడు ఆ మినహాయింపు. వసంతంలో, తడి నేల మీద, పసుపు పువ్వు, హైదరాబాద్‌లో.

మన చెరువుల్లో నీళ్ళు సంక్రాంతి నుంచి తగ్గుతూ వస్తాయి. నీళ్ళు వెనక్కి జరిగిన కొద్దీ లోపలి నేల, శిఖం భూమి అంటామే, కొంచెం కొంచెంగా బయటపడుతుంది. ఫిబ్రవరి, మార్చిలో నీటి అంచున పది, ఇరవై అడుగుల మేర మెత్తటి బురద, పైన పగుళ్ళు, లోపల తడి. అక్కడ మంచు కరిగి తడి వస్తే ఇక్కడ చెరువు ఎండి తడి వస్తుంది, దారి వేరు, ఫలితం ఒకటే, కొన్ని వారాల పాటు తడీ వెలుగూ ఖాళీ స్థలమూ కలిసి దొరుకుతాయి. ఆ సందును పట్టుకున్న మొక్క మస్తరు, గ్రాంజియా మదరాస్పటానా. నేలకి అతుక్కుని చక్రంలా పరుచుకుంటుంది, ఆకులు ముల్లంగి ఆకులా గండ్లు పడి కాస్త నూగుతో ఉంటాయి, నలిపితే ఘాటు వాసన, పూలు రేకుల్లేని పసుపు గుండీల్లా ఉంటాయి, చొక్కా గుండీ సైజు. మాచిపత్రి అని కూడా దీన్నంటారు కానీ ఆ పేరుతో వేరే మొక్క కూడా ఉంది, వినాయకుడి పత్రిలో రెండూ ఒకదాని బదులు ఒకటి వచ్చేస్తుంటాయి. వరి కోసిన మడుల్లో కూడా చూడొచ్చు. కింగ్‌కప్ అంత అందగత్తె కాదు, ఒప్పుకుంటాను. కానీ మార్చిలో శామీర్‌పేట చెరువు లోపలి అంచున ఒక తెల్లవారి వెళ్ళి చూస్తే, పగిలిన నల్ల బురద మీద పచ్చటి చక్రాలు, వాటి మీద వందల పసుపు చుక్కలు, మా స్టూడెంట్లని అక్కడికి తీసుకెళ్ళినప్పుడల్లా అల్లరి కాసేపు ఆగేది.

అక్కడే గట్టు మీద ముళ్ళ ఆకులతో, పెద్ద పసుపు పూలతో బలురక్కసి కూడా కనిపిస్తుంది, పువ్వు చూసి కోయబోయేరు. తుంచితే పసుపు పాలు కారతాయి. గసగసాల కుటుంబమే, పొరపాటున ఫలకం మీదికెక్కిన ఆ గ్రేటర్ సెలండైన్‌కి ఇది నిజమైన చుట్టం. దీని విత్తనాల నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో జనం ప్రాణాలు తీసింది. పిల్లలతో వెళ్తే ముందే చెప్పండి.

వచ్చే ఫిబ్రవరిలో మీకు దగ్గర్లో ఉన్న అమీన్‌పూర్ చెరువుకి వెళ్ళండి, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు దాన్ని, పక్షుల కోసం వెళ్ళేవాళ్ళే ఎక్కువ, కిందికి చూసేవాళ్ళు తక్కువ. నీళ్ళు ఎంత తగ్గాయన్న దాన్ని బట్టి మస్తరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పాత చెప్పులు వేసుకెళ్ళండి, పైన ఎండినట్టు కనిపించే బురద లోపల చీలమండ దాకా దిగుతుంది. ఈలోగా పువ్వు వెనక్కి తిప్పిన ఫోటో ఒకటి మీ అమ్మాయి చేత తీయించి పెట్టండి, ప్లంబర్ ఏం చెప్పాడో కూడా రాయండి.